చచ్చిన చోటు వేరు, చంపిన చోటు వేరు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో సముద్రాల్లోనూ చిత్తడి నేలల్లోనూ అంతరించిపోతున్న జీవుల గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు వెలిబుచ్చిన చోట వాటిని ఒక్క ప్రశ్నగా కలిపాము. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. ఆ విషయాలు రెండు ముక్కల్లో తేలేవి కావు మరి.

ప్రశ్న: ఓడ మునిగి చమురు ఒలికినప్పుడు పక్షులను సబ్బునీళ్లతో కడుగుతున్న దృశ్యాలను టీవీలో చూపిస్తుంటారు. అలాంటి పక్షి మనకు కనబడితే మనమే కడగవచ్చా? అసలు ఇలా కొన్ని పక్షులను కడిగినంత మాత్రాన ఒక జాతి బతుకుతుందా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు సులువు: కడగకండి. పక్షి ఈకల్లోని సన్నని పోగులు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకొని, నీరు చొరని దుప్పటిలా ఒంటిని కప్పి ఉంచుతాయి. ఆ దుప్పటి కింద చిక్కుకొని ఉండే గాలిపొరే పక్షిని వెచ్చగా ఉంచుతుంది, నీటిమీద తేలేలా చేస్తుంది. చమురు పడగానే ఆ కొక్కేలు ఊడిపోతాయి. చల్లటి నీరు నేరుగా చర్మానికి తగిలి పక్షి వణికిపోతుంది; ఈకలను ముక్కుతో దువ్వుకుంటూ ఆ చమురును మింగుతుంది కూడా. ఆ స్థితిలో దాన్ని పట్టుకొని తడిపితే మిగిలిన కాస్త ఓపికా పోతుంది. శిక్షణ ఉన్నవారు ముందు దాన్ని వెచ్చగా ఉంచి, ద్రవాహారం పట్టించి, కోలుకున్నాకే కడుగుతారు. ఒకరు పట్టుకుంటే మరొకరు గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే ద్రవంతో రుద్దుతారు; కళ్ల చుట్టూ మెత్తని బ్రష్షు వాడతారు. కడగడం ఎంత ముఖ్యమో జాడించడమూ అంతే ముఖ్యం. సబ్బు ఏ మూలన మిగిలినా ఈకలు నీటిని ఆపలేవు కనుక, నీరు ఈకల మీద బొట్లు బొట్లుగా జారిపోయేదాకా జాడిస్తూనే ఉంటారు. మీరు చేయగలిగింది ఒక్కటే. చేతి తొడుగులు వేసుకొని, పక్షిపై పాతగుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచి, వన్యప్రాణి సంరక్షణ సిబ్బందికి కబురు చేయండి. తిండీ నీళ్లూ బలవంతంగా పెట్టవద్దు.

మీ రెండో ప్రశ్నకు దక్షిణాఫ్రికా పెంగ్విన్ల కథ చెప్పాలి. 2000 జూన్ 23న ‘ట్రెజర్’ అనే సరుకుల ఓడ కేప్‌టౌన్‌కు దగ్గరలో, రాబెన్, డాసెన్ దీవుల మధ్య మునిగింది. సుమారు 19,000 పెంగ్విన్లకు చమురు అంటుకుంది. వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఒక్కొక్కటిగా పట్టి కడిగారు. అంతకన్నా తెలివైన పని మరొకటి చేశారు. ఇంకా చమురు అంటని మరో 19,500 పెంగ్విన్లను పట్టుకొని, వందల కిలోమీటర్లు తూర్పుకు తీసుకుపోయి పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా తీరం శుభ్రపడుతుందని లెక్క. ఆ లెక్క తప్పలేదు. వాటిలో మూడింటికి పరికరాలు కట్టి పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెడితే, అవి ఏ రోజు ఎంత దూరం వచ్చాయో జనం ఆసక్తిగా గమనించారు. కడిగి వదిలిన పక్షుల్లో అత్యధికం బతికాయి. సముద్రపక్షులను కాపాడిన ఉదంతాల్లో ఇంతటి విజయం అరుదు.

అయితే అదే పెంగ్విన్ 2024లో ‘తీవ్రంగా అంతరించిపోతున్న’ జాతుల జాబితాకు చేరింది. ఇప్పుడు గూడు కట్టే జంటలు 10,000 కన్నా తక్కువ. వాటికి ఆహారమైన సార్డిన్, ఆంకోవీ చేపలు తరిగిపోయాయి. ఉన్న చేపల కోసం వలలతో వచ్చే పడవలతో అవి పోటీ పడవలసి వస్తోంది. దీనికి తోడు పాత గాయం ఒకటి ఉంది. తరతరాలుగా పేరుకున్న పక్షిరెట్టల గట్టి పొరలో ఈ పెంగ్విన్లు బొరియలు తవ్వుకొని గుడ్లు పెట్టేవి. ఎరువుగా అమ్మడానికి 19వ శతాబ్దంలో మనుషులు ఆ పొరను రాతిదాకా గీకి ఓడలకెత్తుకుపోయారు. నాటి నుంచి చాలా పక్షులు ఎండలోనే, గద్దలూ గల్ పక్షులూ చూస్తుండగానే గుడ్లు పొదుగుతున్నాయి. కడగడం వృథా అని నేను అనను. కాని కడిగిన పక్షికి తిండి, గూడు కూడా ఉండాలి కదా. 2025 మార్చిలో అక్కడి న్యాయస్థానం ఆదేశంతో ఆరు ముఖ్యమైన పెంగ్విన్ స్థావరాల చుట్టూ ఆ చేపల వేటను పదేళ్లపాటు ఆపడానికి ఒప్పందం కుదిరింది. నా దృష్టిలో ఇది 19,000 పక్షులను కడగడమంత పెద్ద పని, అందరికీ కనబడేది కాకపోయినా.

ప్రశ్న: ఎరువు మొక్కలకు బలమే కాని విషం కాదు కదా. మరి పొలాల నుంచి వచ్చే ఎరువు నీరు జలచరాలను చంపుతుందని ఎందుకంటారు?
– ఒక రైతు

జవాబు: మంచి ప్రశ్న. ఎరువు నేరుగా చంపదు. నీటిలో మొక్కల్లాంటివి కూడా ఉంటాయి, అవే నాచులు. వాటికి నత్రజని, భాస్వరం అందితే రాత్రికి రాత్రే కాకపోయినా వారాల్లోనే నీరంతా పచ్చగానో గోధుమ రంగుగానో మారిపోతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి. పగలు మొక్కలు కొంత ప్రాణవాయువును తిరిగి ఇస్తాయి కాని రాత్రి ఇవ్వవు. అందుకే చేపలు చచ్చి తేలడం ఎక్కువగా తెల్లవారుజామున చూస్తాం. ఇది చాలామందికి తెలిసినదే. తెలియనిది రెండో మార్గం.

అమెరికాలోని ఫ్లోరిడా తూర్పు తీరంలో ఇండియన్ రివర్ లాగూన్ అనే పొడవైన ఉప్పునీటి కాలువలాంటి సరస్సు ఉంది. దాని అడుగున సముద్రపు గడ్డి పెరుగుతుంది. మనాటీ అనే పెద్ద శాకాహార జలచరానికి, అంటే మన సముద్రాల్లో ఉండే డ్యూగాంగ్‌కు దాయాదికి, ఆ గడ్డే ప్రధానమైన మేత. ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి, మురుగునీటి నుంచి, పచ్చిక బయళ్లకు చల్లే ఎరువుల నుంచి దశాబ్దాలుగా ఊరిన పోషకాలతో 2011 నుంచి అక్కడ నాచు విపరీతంగా పెరిగింది. నీరు చిక్కబడి ఎండ అడుగుకు దిగలేదు. ఎండ లేని గడ్డి చచ్చింది. సగానికి పైగా గడ్డి నేల బోసిపోయింది. చలికాలంలో మనాటీలు వెచ్చని నీటి కోసం విద్యుత్తు కేంద్రాల కాలువల దగ్గర గుమిగూడతాయి, ఎందుకంటే చల్లటి నీటిలో అవి ఎక్కువకాలం బతకలేవు. దూరంగా గడ్డి ఉన్నా అక్కడికి పోలేవు, దగ్గర గడ్డి లేదు. 2021లో ఒక్క ఫ్లోరిడాలోనే 1,100 మనాటీలు చనిపోయాయి. వాటిలో ఎన్నో ఆకలితో చనిపోయినవే. ఆ శీతాకాలంలో అధికారులు మునుపెన్నడూ చేయని పని చేశారు. విద్యుత్తు కేంద్రం దగ్గర టన్నుల కొద్దీ లెట్యూస్ ఆకులు నీళ్లలోకి విసిరి, అడవిజీవికి మేత పెట్టారు. అది చేయక తప్పలేదు. కాని ఆకుకూర విసిరే స్థితికి వచ్చాక అది సంరక్షణ కాదు, ప్రాణం నిలబెట్టే ప్రయత్నం మాత్రమే.

అదే రాష్ట్రపు పశ్చిమ తీరంలో, టాంపా బే అనే అఖాతంలో, కథ మరోలా నడిచింది. 1970ల్లో అక్కడ కూడా నీరు పాడై గడ్డి చచ్చింది. తర్వాత చట్టం తెచ్చి మురుగునీటిని నత్రజని చాలావరకు పోయేలా శుద్ధి చేశాకే బేలోకి వదలాలన్నారు. ఎవరూ నీళ్లలో గడ్డి పెద్దయెత్తున నాటలేదు. నీరు తేటబడింది, గడ్డి తిరిగి మొలిచింది. సుమారు మూడు నాలుగు దశాబ్దాలకు, 2010ల మధ్యకు, 1950ల నాటి విస్తీర్ణాన్ని అందుకుంది. ఆ తర్వాత మళ్లీ కొంత తగ్గింది కనుక అక్కడివారు నిశ్చింతగా ఏమీ లేరు. మీకు నేను చెప్పగలిగేది ఇది: మీ పొలంలో మొక్క తాగలేనంత ఎరువు మీ డబ్బును కూడా నీళ్లపాలు చేస్తుంది. ఎరువును ఒకేసారి కాక విడతలుగా, మొక్క అడిగే వేళకు వేయడం, కాలువ గట్టున కొన్ని గజాలు దున్నకుండా గడ్డి వదలడం చిన్న పనులుగానే కనిపిస్తాయి. కాని ఆ గట్టు గడ్డి ఆపిన నత్రజని దిగువన ఏ జీవి మేతను కాపాడిందో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ప్లాస్టిక్ స్ట్రాలు, సంచులు మానేశాం. మా అబ్బాయి ‘దీనివల్ల ఒక్క తాబేలైనా బతుకుతుందా?’ అని వెక్కిరిస్తున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి వెక్కిరింపులో కొంత నిజముంది, కాబట్టి ముందు దాన్నే ఒప్పుకుందాం. పసిఫిక్ ఉత్తర భాగంలో తేలే చెత్తను 2018లో తూచి అంచనా వేసినప్పుడు, దాని బరువులో కనీసం 46 శాతం చేపల వలలే. వదిలేసిన నైలాన్ వల కుళ్లదు. తాను పట్టినవి చచ్చి రాలిపోయినా మళ్లీ కొత్త జీవులను పడుతూనే ఉంటుంది. దానిలో తాబేలు, సీల్, డాల్ఫిన్ చిక్కుకుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక మునిగిపోతాయి. దీనికి విరుగుడు కూడా చేపలు పట్టేవారి చేతిలోనే ఉంది. వల మీద యజమాని గుర్తు ఉండాలి, పాత వలను రేవులో తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలి, పీతల బోనులకు ఒక తలుపు నూలు తాడుతో కట్టాలి. బోను పోయినా ఆ తాడు కొన్నాళ్లకు కుళ్లి తలుపు తెరుచుకుంటుంది, లోపలివి బయటపడతాయి. ఓడల నుంచి ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయకూడదన్న అంతర్జాతీయ నిబంధన 1988 చివర నుంచే అమలులో ఉంది.

అయితే తేలే చిన్న ముక్క కూడా అమాయకమైనది కాదు. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో చనిపోయిన ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పిల్లలు ఎండి శిథిలమైన చోట, ఈకలూ ఎముకలూ మిగిలిన గూడు మధ్యలో పొట్ట ఉన్న చోట సీసా మూతలు, సిగరెట్ లైటర్లు కుప్పగా కనిపిస్తాయి. వాటిని తెచ్చి తినిపించిన తల్లిదండ్రులు తెలివి తక్కువవి కావు. ఎగిరే చేపలు తేలే కట్టెకు గుడ్లు అంటిస్తాయి కనుక తేలే వస్తువును ముక్కున కరచుకోవడం యుగాలుగా లాభసాటి అలవాటు. పైగా సముద్రంలో కొద్ది వారాలు నానిన ప్లాస్టిక్ మీద పెరిగే నాచు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువును వెదజల్లుతుందని 2016లో తేలింది. కొన్ని సముద్రపక్షులకు అదే వాసన ఆహారం ఉన్న చోటికి దారి చూపుతుంది. తాబేలుకు మరో చిక్కు. దాని గొంతులో వెనక్కి వంగిన ముళ్లు ఉంటాయి. జారిపోయే జెల్లీచేపను పట్టి ఉంచడానికి అవి ఏర్పడ్డాయి, కాని సంచిని మింగినప్పుడు కక్కనివ్వవు. అందుచేత మీరు మానేసినవి మానేసే ఉండండి. మీ అబ్బాయికి మాత్రం, సంచి విషయంలో మీరు చూపే పట్టుదల సగమైనా వలల విషయంలో చట్టాలు చూపితే బాగుంటుందని చెప్పండి.

ప్రశ్న: అవసరమై చిత్తడి నేలను పూడ్చక తప్పనప్పుడు, దానికి బదులు మరోచోట చెరువు తవ్వితే పక్షులు అక్కడికి వెళ్లవా?
– ఒక సివిల్ ఇంజనీరు

జవాబు: కొన్ని వెళ్తాయి. బాతుల్లో కొన్ని మీరు తవ్విన చెరువును మరునాడే ఆక్రమిస్తాయి. కాని చిత్తడి నేల అనే మాటలో చెరువు, మడ అడవి, ఉప్పు తంపర, ఆటుపోట్ల బురదమేట అన్నీ ఇమిడి ఉన్నాయి, అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. అయినా 1970కి, 2015కి మధ్య ప్రపంచపు చిత్తడి నేలల్లో సుమారు 35 శాతం పోయాయి.

గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి చైనా తీరం వరకు సుమారు 5,400 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతుంది. దారిలో దాని ఒంట్లో కొవ్వు మాత్రమే కాదు, పేగు, కాలేయం వంటి అవయవాలు కూడా కుంచించుకుపోతాయి. మెదడు, ఊపిరితిత్తులు మాత్రం తగ్గవు. అంత సన్నబడి దిగిన పక్షికి వెతుక్కునే వ్యవధి ఉండదు. పాటు వచ్చి నీరు వెనక్కి తగ్గగానే, బురదలో వేలెడు లోతున ఉండే చిన్న ఆల్చిప్పలు దాని ముక్కుకు అందాలి. అక్కడ కొన్ని వారాలు తిని ఒళ్లు చేశాకే అది సైబీరియా చేరి గుడ్లు పెట్టగలదు. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు (ఎల్లో సీ) బురదమేటలే దానికి ఆ ఆసరా. 2006లో దక్షిణ కొరియా సెమాంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల కట్టను మూసి అలాంటి విశాలమైన మేటను సముద్రం నుంచి వేరు చేసింది. ఆ చోటికి వచ్చే గ్రేట్ నాట్‌లు చుట్టుపక్కల మేటలకు అదే సంఖ్యలో చేరలేదు. ఆస్ట్రేలియాలోనూ వాటి సంఖ్య పడిపోయింది. పక్కన తావు ఉంటే అక్కడ అప్పటికే వేరే పక్షులు ఉంటాయి కదా! చెంచాలాంటి ముక్కుతో 30 గ్రాములకు అటూ ఇటూ తూగే బుల్లి ఉల్లంకి కూడా ఈ మేటల మీదే ఆధారపడి, తీవ్రంగా అంతరించే దశలో ఉంది. చైనా 2018లో వాణిజ్య అవసరాల కోసం తీరాన్ని పూడ్చడాన్ని ఆపింది. 2019లో ఆ మేటల్లో కొంత భాగం ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. ఇంజనీరుగా మీరు చేయదగినది ఒకటి ఉంది: కట్ట గీత గీయడానికి ముందు, పాటు వేళ, పక్షులు దిగే నెలలో ఒక్కసారి ఆ నేల మీద నిలబడి చూడండి. నక్షాలో అది ఖాళీ భూమిగానే కనిపిస్తుంది.

ప్రశ్న: తీరంలో తాబేలు పిల్లలు దారితప్పి రోడ్డు వైపు వస్తున్నాయి. వాటిని తట్టలో వేసుకొని సముద్రంలో వదలవచ్చా?
– ఒక కళాశాల విద్యార్థి

జవాబు: ప్రాణాపాయం ఉంటే తప్ప ముట్టుకోకండి, ముందు దీపం ఆర్పండి. ఇసుక చల్లబడిన రాత్రివేళ పైకి వచ్చే పిల్లలు, దిగంతాన కిందుగా వెలుగు ఉన్న వైపుకు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. వీధిదీపం ఉంటే అదే సముద్రమనుకుంటాయి. గుడ్లు పొదిగే నెలల్లో తీరపు దీపాలను ఆర్పడం, ఆర్పలేనివాటికి తొడుగు వేసి కిందికి తిప్పడం, తెల్లటి కాంతికి బదులు ఎరుపు, నారింజ కాంతి వాడటం సరిపోతుంది.

ప్రశ్న: శబ్దం కూడా సముద్రజీవులకు కాలుష్యమేనా? నీళ్లలో శబ్దం ఏం చేస్తుంది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: కాలుష్యమే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఉత్తర అమెరికా తీరంలో ఓడల రాకపోకలు కొద్దిరోజులు బాగా తగ్గాయి. ఆ రోజుల్లో కెనడాలోని ఫండీ అఖాతంలో కొందరు శాస్త్రవేత్తలు నార్త్ అట్లాంటిక్ రైట్ తిమింగలాల పేడను సేకరిస్తున్నారు. పడవ ముక్కున నిలబడ్డ శిక్షణ పొందిన కుక్క గాలిలో వాసన పట్టి, అది ఎటు తల తిప్పితే పడవ అటు నడుస్తుంది. సముద్రం నిశ్శబ్దమైన ఆ రోజుల్లో పేడలో ఒత్తిడి హార్మోన్ల జాడ తగ్గింది. తర్వాతి ఏళ్లలో మళ్లీ పెరిగింది. ఈ జాతిలో ఇప్పుడు 400 కన్నా తక్కువే మిగిలాయి. ఓడ నెమ్మదిగా నడిస్తే శబ్దమూ తగ్గుతుంది, ఢీకొనే ప్రమాదమూ తగ్గుతుంది. ఫండీలో 2003లో ఓడదారినే పక్కకు జరిపారు.

ప్రశ్న: నిషేధాలు కాగితాలకే పరిమితం అంటారు. విషపదార్థాన్ని ఆపితే జీవులు నిజంగా కోలుకున్న సందర్భాలున్నాయా?
– ఒక న్యాయవాది

జవాబు: ఉన్నాయి. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డుపెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిన గోధుమరంగు పెలికాన్ ఒక ఉదాహరణ. కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 1970లో వందలాది గూళ్లకు ఒకే ఒక్క పిల్ల దక్కింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది, 2009లో ఆ పక్షిని అంతరించే జీవుల జాబితా నుంచి తీసేసింది. ఓడల అడుగున పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు వల్ల డాగ్‌వెల్క్ అనే నత్తల్లో ఆడవాటికి మగ అంగం మొలిచి గుడ్లు పెట్టలేకపోయాయి. ఆ రంగును ఫ్రాన్స్ 1982లో చిన్న పడవలకు మాన్పించింది, అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చింది. నత్తలు కోలుకున్నాయి. పచ్చ తాబేలును 2025లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం ‘అంతరించిపోతున్న’ వర్గం నుంచి ‘ఆందోళన లేని’ వర్గానికి మార్చింది. గుడ్ల సేకరణను ఆపడం, గూళ్లకు కాపలా, వలల్లో తాబేలు తప్పించుకునే కటకటాలు, అన్నీ కలిసి చేసిన పని అది.

కాని పీసీబీల విషయంలో నేను అంత ధీమాగా చెప్పలేను. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన ఈ నూనెలను చాలా దేశాలు దశాబ్దాల కిందటే నిషేధించాయి. అయినా 2016లో స్కాట్లాండ్ టైరీ దీవి తీరంలో చచ్చిపడిన లూలూ అనే ఆడ ఓర్కా (డాల్ఫిన్ కుటుంబపు పెద్ద వేటజీవి) కొవ్వులో పీసీబీలు అత్యధిక మోతాదులో కనిపించాయి. దానికి ఇరవై ఏళ్లు పైనే ఉంటాయి, కాని ఒక్కసారీ ఈనినట్లు లేదు. ఈనిన ఓర్కాలు ఈ విషంలో చాలా భాగాన్ని పాలతో తొలిచూలు పిల్లకే దిగవేస్తాయి. నిషేధమంటే తయారీ ఆగడమే. అప్పటికే తయారైన నూనె ఇంకా ఎక్కడో షెడ్లలో ఉంది. స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం దాన్ని 2028లోగా సురక్షితంగా నాశనం చేయాలి. న్యాయవాదిగా మీ చేతికి ఎప్పుడైనా మూతబడిన కర్మాగారం ఆస్తుల జాబితా వస్తే, అందులో పాత ట్రాన్స్‌ఫార్మర్లున్నాయేమో చూసి, తుక్కుగా వేలం వేయకముందే వాటి నూనెను పరీక్షించమని అడగండి.